మిట్టమధ్యాహ్నం పనికొచ్చే కెమెరా

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. పెళ్లిళ్లు, శారీ ఫంక్షన్లు తీస్తుంటాను. మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాక పాత కెనాన్ 700డి బీరువాలో పడి ఉంది. ఆకులన్నీ మంచులా తెల్లగా, ఆకాశం నల్లగా ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు చూసినప్పటి నుంచి మనసు అటే పోతోంది. ఆ పాత కెమెరాను కన్వర్ట్ చేయించాలా, లేక ముందు ఫిల్టర్ కొంటే సరిపోతుందా? 590, 720, 830 అంటున్నారు, ఏది తీసుకోవాలి? మా దోస్తు సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తాడు, ‘ఇంట్లోనే విప్పేద్దాం, గంట పని’ అంటున్నాడు. ఈ కెమెరాతో చీకట్లో కూడా మనుషులు కనిపిస్తారంటారు, నిజమేనా? పెళ్లిళ్లలో వాడుకోవచ్చా?

సమాధానం: తమ్మీ, అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ చనువుగానే రాస్తున్నా. కన్వర్ట్ చేయించు. 720 పెట్టించు. దోస్తుకు మాత్రం ఇవ్వకు. ఇంతే నా జవాబు. కానీ ఎందుకో తెలియకుండా డబ్బు పెడితే రెండు నెలల్లో ఆ కెమెరా మళ్లీ బీరువాలోకే పోతుంది, అందుకే మిగతాది చదువు.

ముందు చీకటి సంగతి తేల్చేద్దాం. మనిషి ఒంటి వేడిని చూపించే కెమెరా వేరు, ఇది వేరు. వేడిని చూసేవి వేల నానోమీటర్ల పొడవున్న కిరణాలతో పనిచేస్తాయి. మన కెమెరా సెన్సర్ సిలికాన్. అది సుమారు 1100 నానోమీటర్లు దాటితే గుడ్డిదే. మన కంటికి 700 దగ్గర ఎరుపు ఆగిపోతుంది కదా, ఆ 700 నుంచి 1100 లోపు ఉన్న చిన్న జాగాలోనే మన ఆట. ఈ వెలుగు కూడా ఎండ నుంచో ఏదైనా దీపం నుంచో రావాల్సిందే, వస్తువు మీద పడి తిరిగి కెమెరాలోకి రావాల్సిందే. ఆ వెలుగు లేకపోతే ఫోటో లేదు.

పెళ్లిళ్ల మాట కూడా ఇక్కడే చెప్తా. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లన్నీ ఎల్‌ఈడీ లైట్లే. మామూలు తెల్ల ఎల్‌ఈడీ నుంచి ఇన్‌ఫ్రారెడ్ దాదాపు రాదు. మండపమంతా జిగేలుమంటున్నా నీ కన్వర్టెడ్ కెమెరాకు అది అమావాస్యే. అదే పాత బల్బు, నూనె దీపం, హోమం మంట అయితే దానికి పండగ, ఫ్లాష్ వెలుగులో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, పెళ్లికొడుకు వేసుకున్న నల్ల సూటు చాలాసార్లు బూడిద రంగులోనో తెల్లగానో వస్తుంది. ఆ నలుపు రంగు మన కంటికే నలుపు, ఇన్‌ఫ్రారెడ్‌ను అది ఆపదు. నేనొకసారి పోచంపల్లి చీరల మీద ప్రయోగం చేశాను. కంటికి నలుపు ఎరుపుల్లో ఎగిరిపడే డిజైన్, ఫోటోలో సగానికి సగం మాయం. ఆ చీర కట్టుకున్నావిడ ఫోటో చూసి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. కాబట్టి ఆల్బమ్‌కు నీ మిర్రర్‌లెస్సే. బయట, పగటిపూట, తోటలో జంటను నిలబెట్టి సరదాగా రెండు మూడు తీసి ఇవ్వు, అంతవరకే. ఆ రెండు మూడింటికి కూడా వాళ్లను అడిగే తియ్యి. కొన్ని పలుచటి సింథటిక్ బట్టలు ఇన్‌ఫ్రారెడ్‌లో మరీ పలుచగా కనిపిస్తాయి. తీసిన వెంటనే స్క్రీన్ చూడు. తేడాగా ఉంటే అక్కడికక్కడే చెరిపెయ్యి.

ఇక ఆకుల సంగతి. ఆకులో పచ్చరంగు పదార్థం ఎరుపును, నీలాన్ని మింగుతుంది గానీ ఇన్‌ఫ్రారెడ్‌ను ముట్టుకోదు. లోపలికి పోయిన ఆ వెలుగు, ఆకు నడుమ గాలి సందులున్న స్పాంజి లాంటి పొరల్లో అటూ ఇటూ తగిలి దాదాపు సగం వెనక్కి వచ్చేస్తుంది. మిగతాదానిలో ఎక్కువ భాగం ఆకును దాటి కిందికి దిగుతుంది. అందుకే ఆకు తెల్లన. దీన్ని వుడ్ ఎఫెక్ట్ అంటారు. కట్టెకూ దీనికీ సంబంధం లేదు, 1910లో ఇలాంటి ఫోటోలను మొదటగా ప్రచురించిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పేరు అది. అసలు ఎరుపుకు అవతల ఏదో ఉందని 1800లోనే విలియం హెర్షెల్ కనిపెట్టాడు. ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే అక్కడే ఎక్కువ వేడి చూపించిందట.

ఇదేదో ఫోటోగ్రాఫర్ల సోకు మాత్రమే అనుకోకు. పాత పాలమూరు జిల్లాలో ఉండిన షాద్‌నగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) గ్రౌండ్ స్టేషన్ ఉంది కదా, అక్కడికి మన ఉపగ్రహాల నుంచి వచ్చే చిత్రాల్లో పంటలు ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎరుపు ఇదే ఇన్‌ఫ్రారెడ్. మన కంటికి కనపడదు కాబట్టి దానికి ఎరుపు రంగు అరువిస్తారు. నీ సాగర్ ఎడమ కాలువ కింది వరి ఎంత ఏపుగా ఉందో పైనుంచి లెక్క కట్టడంలో ఈ వెలుగుదే పెద్ద పాత్ర.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ఫిల్టరా కన్వర్షనా?

మామూలు కెమెరాలో సెన్సర్ ముందు ఒక పలుచటి గాజు పలక ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌ను లోపలికి రానివ్వకపోవడమే దాని పని. అది లేకపోతే మన పెళ్లి ఫోటోల్లో రంగులన్నీ చెడిపోతాయి. కన్వర్షన్ అంటే ఆ పలకను తీసేసి, దాని చోట ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రమే వదిలే గాజు పెట్టడం. ఫిల్టర్ దారిలో ఆ పలక అలాగే ఉంటుంది, లెన్సు ముందు నల్లటి ఫిల్టర్ బిగిస్తాం. హోయా ఆర్72 అని పాత పేరున్న ఫిల్టర్ ఇలాంటిదే. అంటే లోపలి గాజు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుంది, బయటి గాజు మామూలు వెలుగును ఆపుతుంది. రెండింటి మధ్య దొంగచాటుగా జారే కాస్త వెలుగుతో ఫోటో రావాలి. మండుటెండలో కూడా సెకన్లకు సెకన్లు, ఒక్కో కెమెరాలో అర నిమిషం దాకా పడుతుంది. ట్రైపాడ్ తప్పదు. వ్యూఫైండర్‌లో చూస్తే కటిక చీకటి. గాలికి కొమ్మలు ఊగితే ఆకులు దూదిపింజల్లా అలుక్కుపోతాయి.

అయినా సరే, కన్వర్షన్‌కు ముందు ఒక వారం ఆ బాధ పడమనే చెప్తా. కొనక్కర్లేదు. నీ స్టూడియోలో పాత కలర్ నెగెటివ్‌ల డబ్బా ఉండే ఉంటుంది. రీలు మొదట్లో వెలుగు తగిలి, కడిగాక నల్లగా వచ్చిన ముక్క ఉంటుంది చూడు, దాన్ని రెండు పొరలు చేసి లెన్సు ముందు అడ్డం పెట్టు. కలర్ నెగెటివ్‌లో ఉండేది డై కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ దాటిపోతుంది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో ఉండేది వెండి, అది పనికిరాదు. ఫోటో మసకగా, వంకరగా వస్తుంది. రానీ. మీ వీధిలో వేపచెట్టు తెల్లగా రావడం నీ కళ్లతో చూశాక కూడా ఉత్సాహం మిగిలిందా లేదా, అది తేల్చుకోవడానికే ఇదంతా. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో: ఆ నల్ల ముక్కలోంచి గానీ, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్‌లోంచి గానీ సూర్యుణ్ని చూడొద్దు. నల్లగా ఉందని కన్ను పూర్తిగా తెరుచుకుంటుంది, ఇన్‌ఫ్రారెడ్ మాత్రం తిన్నగా లోపలికి పోతుంది. నొప్పి తెలియకుండానే చూపు పోవచ్చు.

టీవీ రిమోట్‌ను కెమెరాకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కి లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద, చూడటం ఇంకో చిన్న పరీక్ష. దాని బుల్లి దీపం ఎంత వెలుగుతో కనిపిస్తే నీ కెమెరా లోపలి గాజు అంత వదులు అన్నమాట.

నీ 700డి కన్వర్షన్‌కు మంచి బండే. లైవ్ వ్యూ ఉంది, మడిచి తిప్పే స్క్రీన్ ఉంది. లైవ్ వ్యూ ఎందుకంటే, ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ పడే చోటు మామూలు వెలుగు ఫోకస్ పడే చోటు ఒకటి కాదు. వ్యూఫైండర్‌లో చూసి ఫోకస్ చేస్తే, ఆ ఫోకస్ పని వేరే సెన్సర్ చేస్తుంది, దానికి తెలిసింది మామూలు వెలుగే. ఫోటో కొంచెం అటో ఇటో తప్పుతుంది. లైవ్ వ్యూలో ఫోకస్ అసలు సెన్సర్ మీదే తేలుతుంది కాబట్టి ఏ లెన్సు పెట్టినా పేచీ లేదు. ఎక్స్‌పోజర్ కూడా వ్యూఫైండర్ మీటర్‌ను నమ్మకు, స్క్రీన్ మీద హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) చూడు. అందులోనూ ఎరుపు గీతను చూడు, 720లో వెలుగు ఎక్కువైతే ముందు హద్దు దాటేది అదే.

నంబర్ల విషయానికొస్తే, ఆ గాజు సుమారు ఎన్ని నానోమీటర్ల నుంచి పైకి వెలుగును వదులుతుందో చెప్పేవే అవి. 830 పెట్టిస్తే రంగే ఉండదు, శుద్ధ బ్లాక్ అండ్ వైట్. 590 అయితే మామూలు ఎరుపు నారింజ వెలుగు కూడా కలుస్తుంది, ఆకులు బంగారు పసుపులో వస్తాయి. మొదట చూడగానే ఆహా అనిపిస్తుంది, పది ఫోటోలయ్యాక మొహం మొత్తుతుంది. ఇది నా రుచి, నీది వేరే కావచ్చు. 720లో కాస్త రంగు మిగులుతుంది, బ్లాక్ అండ్ వైట్ చేసినా నిండుగా ఉంటుంది. ఇంకో దారి ఫుల్ స్పెక్ట్రమ్. అంటే లోపల తేట గాజు పెట్టించి, కావలసిన ఫిల్టర్ బయట బిగించుకోవడం. ఏదైనా తీయొచ్చు నిజమే, కానీ ఫిల్టర్ బయట బిగించగానే వ్యూఫైండర్ మళ్లీ చీకటి. ప్రతి లెన్సు సైజుకూ ఫిల్టర్లు, రింగులు. మొదటిసారి చేసేవాళ్లకు ఆ తలనొప్పి వద్దు.

ఇక మీ దోస్తు. సెల్‌ఫోన్ బాగుచేసే చేతుల మీద నాకు గౌరవమే. కానీ 700డిలో ఫ్లాష్ ఉంది. దాని కెపాసిటర్ బ్యాటరీ తీసేశాక కూడా సుమారు 300 వోల్టులు దాచుకుని కూర్చుంటుంది, స్క్రూడ్రైవర్ తగిలితే కోడెతాచు కాటే. అదొక్కటే కాదు. నా మొదటి కెమెరాను నేనూ ఇలాగే తొందరపడి ఒక రిపేర్ షాపులో ఇచ్చాను. అతను పాత పలక నీట్‌గా తీశాడు, దాని చోట ఏమీ పెట్టకుండా మూసేశాడు. ‘ముందు ఫిల్టర్ పెట్టుకోండి సార్, సరిపోతుంది’ అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే దూరపు గుట్ట ఎంత తిప్పినా ఫోకస్‌కు రాదు. రెండడుగుల్లో ఉన్న తంగేడు పువ్వు మాత్రం అద్దంలా వస్తుంది. విషయం ఏమిటంటే, గాజు పలక దాటేటప్పుడు బొమ్మ కొంచెం వెనక్కి జరిగి పడుతుంది, సెన్సర్‌ను ఆ లెక్కతోనే కూర్చోబెడతారు. పలక లేకపోతే బొమ్మ ముందే పడిపోతుంది, దూరపువి ఇక అందవు. తీసిన మందానికి సరిపడే గాజు పెట్టాలి, లేదా సెన్సర్‌ను ఆ మేరకు సర్దాలి. మధ్యలో ఒక్క దుమ్ము రేణువు చిక్కినా మళ్లీ విప్పాలి. ఆ రేణువు ఆకాశంలో, ప్రతి ఫోటోలో, ఒకే చోట కనిపిస్తుంది. కన్వర్షన్ మాత్రమే చేసే వాళ్లు ఉంటారు, వాళ్లకే ఇవ్వు. ఇచ్చేముందు మూడు అడుగు: గాజు ఎన్ని నానోమీటర్లది, దూరపు ఫోకస్ పరీక్షించి ఇస్తారా, సెన్సర్ దుమ్ము దులిపే ఏర్పాటు మిగులుతుందా పోతుందా. తడబడకుండా చెప్పిన వాళ్ల దగ్గరికి పో. ఎప్పుడైనా నీ మిర్రర్‌లెస్‌ను కూడా చేయించాలని బుద్ధి పుడితే ముందు కనుక్కో, కొన్ని కొత్త మోడళ్లలో షట్టర్‌ను గమనించడానికి లోపలే చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉంటుంది. కన్వర్ట్ చేశాక ఆ వెలుగే ఫోటో మీద పరుచుకుంటుంది.

కెమెరా చేతికొచ్చాక మొదటి ఫోటో ఎర్రగా, కుంకుమ చల్లినట్టు వస్తుంది. కంగారుపడకు. ఎండలో ఉన్న పచ్చగడ్డిని ఫ్రేమ్ నిండా తీసి, మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కు (ఏది తెలుపో కెమెరాకు చెప్పే సర్దుబాటు) ఆ ఫోటోనే చూపించు. అప్పటి నుంచి ఆకులు తెల్లగా, ఆకాశం ఇటుక రంగులో కనిపిస్తాయి. తీసేది రా (RAW) ఫైల్లోనే, అంటే సెన్సర్ పట్టిందాన్ని మార్చకుండా దాచే ఫైల్లోనే తియ్యి. కంప్యూటర్‌లో ఆ ఎరుపు మళ్లీ వచ్చిందంటే తప్పు నీది కాదు. ఫోటోలు సర్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో వైట్ బ్యాలెన్స్ 2000 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది, మనకు అంతకన్నా కిందికి పోవాలి. అడోబీ వాళ్ల డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌తో ఒకసారి సొంత ప్రొఫైల్ చేసి పెట్టుకుంటే ఆ గొడవ తీరుతుంది. అంత ఓపిక లేకపోతే కెనాన్ సొంత డీపీపీ సాఫ్ట్‌వేర్ కెమెరాలో పెట్టిన వైట్ బ్యాలెన్స్‌ను అలాగే తీసుకుంటుంది, ఉచితం కూడా. ఆపైన ఫోటోషాప్‌లో గానీ జింప్‌లో గానీ ఛానెల్ మిక్సర్ తెరిచి ఎరుపు చోట నీలం 100, నీలం చోట ఎరుపు 100 పెట్టు. ఇటుక రంగు ఆకాశం నీలంగా మారిపోతుంది. నీలం ఆకాశం, తెల్ల చెట్లు ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఫోటోల్లో చాలావాటి రహస్యం ఇదే.

లెన్సులను మాత్రం నువ్వే పరీక్షించుకోవాలి. కొన్ని లెన్సుల్లో ఫోటో నడిమధ్యన గుండ్రటి తెల్ల మచ్చ వస్తుంది. హాట్‌స్పాట్ అంటారు. లెన్సు ఎంత ఖరీదైనదన్న దానితో దీనికి సంబంధం లేదు, లోపలి పూత ఇన్‌ఫ్రారెడ్‌ను ఎలా తట్టుకుంటుందన్నదే లెక్క. పెళ్లి ఫోటోగ్రాఫర్లందరి దగ్గరా ఉండే 50ఎంఎం 1.8 రకాల్లోనూ ఈ జబ్బున్నవి ఉన్నాయి, చవక కిట్ లెన్సులు కొన్ని అద్దంలా పనిచేస్తాయి. ఆకాశం కలిసే ఫ్రేమ్ పెట్టి ఎఫ్4, ఎఫ్8, ఎఫ్16 దగ్గర ఒక్కొక్కటి తియ్యి (నంబరు పెరిగితే లెన్సు కంత చిన్నదవుతుంది). మచ్చ ఉంటే ఎఫ్16 దగ్గర దాక్కోలేదు. మచ్చ లేకపోయినా ఎఫ్8 దాటకు, ఈ పొడవు కిరణాలకు చిన్న కంతలో పదును తొందరగా పోతుంది.

ఇక ఎక్కడ, ఎప్పుడు తీయాలి? నాకు ఇష్టమైన భాగం ఇదే. మామూలు ఫోటోగ్రాఫర్ పొద్దున ఆరింటికి లేచి, తొమ్మిదింటికి కెమెరా సర్దేసి, మళ్లీ సాయంత్రం ఐదుకు తీస్తాడు. నడిమి ఎండంతా వృథా. మనకు పదకొండు నుంచి మూడు దాకా అసలైన డ్యూటీ. నీళ్లు, తలకు తువ్వాల మర్చిపోకు. ఆ కెమెరాకు ఎండ ఇష్టం, నీకు కాదు.

ఎండ ఉంది కదా అని ఏప్రిల్‌లో బయల్దేరితే మాత్రం నిరాశే. తెల్లబడాలంటే ముందు పచ్చగా ఉండాలి. మన దిక్కు గుట్టలు వానలు పడ్డాకే ఒళ్లు కప్పుకుంటాయి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, వాన కురిసి వెలిసిన మరునాడు, తెల్ల మబ్బులు తేలుతుంటే, అంతకు మించిన రోజు ఉండదు. నీలాకాశం నుంచి ఇన్‌ఫ్రారెడ్ చాలా తక్కువగా వస్తుంది. 450 దగ్గరి నీలంతో పోలిస్తే 720 దగ్గర గాలి చెదరగొట్టేది ఆరో వంతే. అందుకే ఆకాశం నల్లబడి మబ్బులు ముందుకు దూకుతాయి. నీళ్లు కూడా ఇన్‌ఫ్రారెడ్‌ను తాగేస్తాయి. పానగల్లు ఉదయ సముద్రం చెరువు గట్టు మీద నిలబడి తీస్తే నీళ్లు సిరా పోసినట్టుంటాయి, అంచున తుమ్మచెట్లు మంచుబొమ్మలు. అక్కడికి వెళ్తే ఛాయా సోమేశ్వరాలయం పక్కనే. అయితే గర్భగుడిలో రోజంతా కనబడే ఆ నీడ కోసం మామూలు కెమెరా తీసుకెళ్లు. బయటి రాతి స్తంభాలు, శిఖరం వెనక ఆకాశం, ఇవి ఇన్‌ఫ్రారెడ్‌కు.

భువనగిరి ఏకశిల, దేవరకొండ కోట, నల్లగొండ లతీఫ్‌సాబ్ గుట్ట: రాయి మామూలు బూడిద రంగులోనే ఉండి, సందుల్లోని పొదలు మాత్రం వెలుగుతాయి. ఉత్త పచ్చదనం ఉన్న చోటికన్నా రాయి, ఆకు పక్కపక్కన ఉన్న మన నేల దీనికి బాగా కుదురుతుంది. కేరళ వెళ్లి తీసిన వాళ్ల ఫోటోలు చూశాను, ఫ్రేమంతా తెలుపే, కన్ను ఆగడానికి చోటు లేదు. నీకు దగ్గర్లో బత్తాయి తోటలున్నాయి, కాలువ కింద పొలాల గట్ల మీద తాటిచెట్లున్నాయి. తాటి మొద్దు నల్లగా, తల తెల్లగా, వెనక నల్లటి ఆకాశం. ఒక్క చెట్టు చాలు.

పాలమూరు వైపు వస్తే పిల్లలమర్రి తప్పకుండా చూడు. మూడెకరాల మేర పరుచుకున్న మర్రి కింద మామూలు కెమెరాకు చీకటి. ఇన్‌ఫ్రారెడ్‌లో అలా కాదు, ఆకులను దాటి దిగే వెలుగు కిందంతా నిండి ఊడలు ఒక్కొక్కటి విడివిడిగా నిలబడతాయి. ఇందాక ఆకును దాటి కిందికి దిగుతుందన్నానే, ఆ వెలుగు. సోమశిల దగ్గర కృష్ణ మలుపులు కూడా బాగుంటాయి. డ్యాముల దగ్గర మాత్రం కెమెరా తీసేముందు అక్కడి సిబ్బందిని అడుగు.

ఎండాకాలం కూడా పూర్తిగా ఖాళీ కాదులే. మార్చి, ఏప్రిల్‌లో వేప కొత్తాకు తొడుగుతుంది, చుట్టూ ఎండిన చేను మధ్యలో ఒక్క చెట్టే వెలుగుతుంది.

మర్చిపోయే ముందు ఇంకొకటి. కన్వర్షన్ చేసేవాళ్లకు కెమెరా ఇచ్చేటప్పుడే చెప్పు, లోపలి నుంచి తీసిన పాత గాజు పలకను కవర్లో పెట్టి వెనక్కి ఇవ్వమని. అడగకపోతే అది చెత్తబుట్టలోకి పోతుంది. ఎప్పుడైనా 700డిని మళ్లీ మామూలు కెమెరా చేసి అమ్మాలనుకుంటే ఆ పలకే కావాలి. నేను అడగలేదు.